మనిషిని తీసేసి లెక్క చూసే బాలమల్లు

బాలమల్లు మీద నాకు అసూయ పుట్టి పద్నాలుగేళ్లయింది. పుట్టిన చోటు కూడా గుర్తుంది. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక, ఆదివారం గనుక షటర్ దించి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్ల ముందు. ఆదివారాలు ఆ ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలవాళ్లదే. బాలమల్లు నీలంరంగు తాడ్‌పత్రి పరుచుకుని కూర్చుంటాడు. తాడ్‌పత్రికి ఒక కొసన ఆయన భార్య యాదవ్వ పోటీ పరీక్షల గైడ్లు అమ్ముతుంది. రెండో కొసన అన్నీ క్రికెట్ పుస్తకాలే.

నేను అప్పటికి సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై ఏడాది. ముప్ఫై ఏళ్లు పంటల సగటులు, వర్షాల సగటులు కట్టినవాణ్ణి. నాంపల్లి స్టేషను వెనక సందులో ఇల్లు. ఆదివారం పొద్దున నడుచుకుంటూ వచ్చి, వంగి, పుస్తకాలు తిరగేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవడం నా అలవాటు. ఆ రోజు మాత్రం నోరు ఊరుకోలేదు. పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసే విజయేందర్, ఇంకో ఇద్దరూ నిలబడి ఆల్‌రౌండర్లలో ఎవరు గొప్ప అని వాదించుకుంటున్నారు. కపిల్‌దేవ్ అని ఒకరు, బోథమ్ అని ఒకరు. గొంతు పెద్దది చేసుకోవడమే తప్ప లెక్క లేదు.

"దానికొక పద్ధతి ఉంది" అన్నాను. "బ్యాటింగ్ సగటు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. బౌలింగ్ సగటు ఎంత తక్కువుంటే అంత మంచిది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందే ఆల్‌రౌండర్ విలువ. సోబర్స్‌కు యాభై ఏడు పాయింట్ డెబ్బై ఎనిమిది. అందులోంచి ముప్ఫై నాలుగు పాయింట్ సున్నా మూడు తీసెయ్యండి. ఇరవై మూడు పాయింట్ డెబ్బై ఐదు. ఇమ్రాన్‌ఖాన్‌కు దగ్గర దగ్గర పదిహేను."

"మరి కపిల్‌కు సార్?" అన్నాడు విజయేందర్.

"ఒకటి పాయింట్ నలభై ఒకటి."

అప్పటిదాకా మూట విప్పుతున్న బాలమల్లు తలెత్తాడు. "ఒకటిన్నరనా సారు? గంత తిరిగినోడు ఒకటిన్నర మనిషేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. "వినూ మన్కడ్‌కు జర చెప్పున్రి" అన్నాడు విజయేందర్, అదేదో సరదా అయినట్టు.

నాకు అంకెలు నోటికొచ్చు. ఆయన బ్యాటింగ్ ముప్ఫై ఒకటి పాయింట్ నలభై ఏడు, బౌలింగ్ ముప్ఫై రెండు పాయింట్ ముప్ఫై రెండు. చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. "మైనస్ సున్నా పాయింట్ ఎనభై ఐదు."

"మైనసా?" బాలమల్లు మూట వదిలేశాడు. "అంటే ఆయన రాకుంటేనే మంచిగుండు అన్నట్టా?"

ఈసారి యాదవ్వ కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. బాలమల్లు అట్టలేని ఒక పుస్తకం లాగి, 1952లో లార్డ్స్‌లో మనవాళ్లు ఆడిన టెస్టు పేజీ తీశాడు. మన్కడ్ పేరు మీద బొటనవేలు పెట్టి మూసేశాడు.

"గిప్పుడు జూడున్రి. గీ మనిషిని తీసేసిన. మొదటి పారి మనోళ్లు కొట్టింది 235. అండ్ల ఈయన 72 వాయె. రెండోపారి 378. అండ్ల 184 వాయె. రెండు పార్లు కలిపి మిగిలింది 357. ఇంగ్లండోళ్లు ఒక్క పారికే 537 కొట్టిన్రు. అంటే ఈయన లేకుంటే రెండుసార్లాడినా ఆళ్లకు అందకపోదురు. పైంగ డెబ్బైమూడు ఓవర్లు ఏసి ఐదుగురిని ఔట్ చేసిండు. ఈయన జాగల ఎంతమందిని పెట్టాలె? బ్యాట్ పట్టేటోన్ని పెడ్తే బాలెవడేస్తడు? బాలేసేటోన్ని పెడ్తే 184 ఎవడు కొడ్తడు? ఇద్దర్ని పెట్టాలె. ఆడనిచ్చేది పదకొండు మందినే. పన్నెండోవాన్ని యాడికెళ్లి తెస్తవు?"

"మ్యాచ్ అయితే ఓడిపోయాం కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఓడినం సారు. గాని ఎట్ల ఓడినం అనేది ఉంటది గద."

ఈ తెలివి ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఖైరతాబాద్‌లో స్లాబ్ పని చేసిన రోజుల్లోంచి వచ్చింది. ఆ సంగతి తర్వాత ఎన్నో ఆదివారాల్లో ముక్కలు ముక్కలుగా విన్నాను. కల్వకుర్తి అవతల ఒక ఊరి నుంచి యాదవ్వతో కలిసి వచ్చాడు. చాదర్‌ఘాట్‌లో మూసీ పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాడు. తట్ట మోసేవాడు రాకపోతే మేస్త్రి ఇంకొక తట్ట మోసేవాణ్ణి పిలుస్తాడట. తట్టా మోసి, సిమెంటు మాలూ కలిపి, అవసరమైతే పైకెక్కి స్లాబ్ మట్టం చేసేవాడు రాకపోతే ఇద్దర్ని పిలవాలి, అయినా పని వెనకబడుతుంది. బాలమల్లు ఆ మూడూ చేసేవాడు. ఒకరోజు రెండో అంతస్తు పరంజా మీద నుంచి పడి తుంటి విరిగింది. సర్కారు దవాఖానలో కొన్నాళ్లు, గదిలో ఆరునెలలు. బరువు ఎత్తే పని ఇక లేదు.

ఆ ఆరునెలలు ఆయనకు తోడు ఒక రేడియో. పక్కనే పాత కాగితాల దుకాణం. రేడియోలో హిందీ కామెంటరీ వినేవాడు. మర్నాడు ఆ దుకాణంలో ఇంగ్లిష్ పేపరు పట్టుకుని, నిన్న డెబ్బై మూడు కొట్టినవాడెవడో గుర్తు చేసుకుని, డెబ్బై మూడు అంకె పక్కనున్న అక్షరాలే ఆ పేరని నేర్చుకునేవాడు. అలా ఒక్కొక్క పేరు. ఇప్పటికీ ఇంగ్లిష్‌లో ఆయన చదవగలిగేవి ఆటగాళ్ల పేర్లూ ఊళ్ల పేర్లూ మాత్రమే. అంకెలకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు విజయేందర్ కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, అందులోనూ కుళ్లుకోవడానికే ఏదో దొరికింది. నాకు ఇంగ్లిష్ అక్షరాలు మా నాన్న బెత్తం పట్టుకుని నేర్పించాడు.

క్రమంగా ఆ తాడ్‌పత్రి చుట్టూ ఒక గుంపు తయారైంది. వాళ్లకొక కట్టుబాటు. ఫోను జేబులోంచి తియ్యకూడదు. ఏ మాటకైనా సాక్ష్యం అచ్చయిన పుస్తకంలోంచి, అదీ తాడ్‌పత్రి మీద పెట్టి చూపించాలి. పేజీ చూపించలేకపోతే ఆ మాట లేనట్టే. "ఫోన్ల ఉన్నది రేపు మారుతది. గీ కాగితం మారది" అనేవాడు బాలమల్లు. ఆయన ఒక్కొక్క ఆల్‌రౌండర్‌నూ టెస్టు తర్వాత టెస్టు బొటనవేలితో మూసి, ఎందర్ని పెట్టాలో లెక్కవేసి, ఒక పొడుగాటి నోటుబుక్కులో గీతలు పెట్టుకునేవాడు. ఆదివారం పదిన్నరకు తీర్పు. నా మైనస్ పాయింట్లు వినడానికి ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు కూడా "మల్లన్న ఏమంటడు?" అని అడిగేవాళ్లు, నన్ను అడిగాక.

ఆయన తీర్పుల్లో కపిల్‌దేవ్ ఇమ్రాన్‌ఖాన్ కంటే చాలా పైన ఉండేవాడు. ఎందుకో నాకు బాగా తెలుసు. 1982-83 సీజను స్కోర్లున్న లావుపాటి ఇంగ్లిష్ సంచిక ఒకటుంది. బాలమల్లు దగ్గరున్న ప్రతిలో ఇరవై ఎనిమిది పేజీలు లేవు. మనవాళ్లు పాకిస్తాన్ వెళ్లి ఆరింట్లో మూడు టెస్టులు ఓడిపోయి వచ్చిన సిరీస్ ఆ పేజీల్లోనే ఉంది. ఎవరో కోపంతో చింపేసి ఉంటారు. ఇమ్రాన్ నలభై వికెట్లు తీసిన సిరీస్ అది. ఆ మ్యాచులు బాలమల్లు బొటనవేలి కిందికి రానేలేదు. గుంపులో పెద్దవాళ్లకు ఆ సిరీస్ గుర్తు లేక కాదు. పేజీ లేదు కాబట్టి ఆ మాట లేదు. కపిల్ పైన ఉండటం అందరికీ బాగానే ఉంది, ఎవరూ పట్టుబట్టలేదు.

ఆ సంచిక పూర్తి ప్రతి నా దగ్గర ఉంది. ఇచ్చింది బాలమల్లే. పదకొండేళ్ల కింద రెండు మూటల్లో రెండు ప్రతులు వచ్చాయి, ఒకటి చినిగింది, ఒకటి నిండుది. "మీరు సదువుకునేటోళ్లు సారు, మంచిది మీరు తీస్కోండ్రి. నాకవసరమైతే అడుగుత" అన్నాడు. తర్వాత రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ, ఎవరికో ఇచ్చాను, వాళ్లు పోగొట్టారు అన్నాను. అది మా ఇంట్లో బీరువాలో పంచెల కింద ఉంది. ఎందుకలా చెప్పానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆయనకు తెలియనిది ఒక్కటైనా నా దగ్గర ఉండాలనుకున్నాను, అంతే.

మొన్న చలికాలంలో ప్రణవి అనే కాలేజీ అమ్మాయి వచ్చింది. గైడు కొనుక్కోవడానికి వచ్చి, బాలమల్లు మాటలు విని, ఫోను తీసింది. కట్టుబాటు ఉంది కదా అని నేను గుర్తు చేశాను. "వీడియో తీసుడు వేరు సారు, తియ్యనియ్యి" అన్నాడు బాలమల్లు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి "అంకుల్, ఈ బ్యాగ్ కొంచెం పట్టుకుంటారా?" అంది. పట్టుకున్నాను. ఎనిమిది నిమిషాలు.

వారం తిరిగేసరికి ఆ వీడియో ఊరంతా చూసింది. మా ఇంట్లో కూడా. నా భార్య విద్యావతి ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "ఇగో, మీ చెయ్యి కనిపిస్తుంది. గడియారం చూసి గుర్తుపట్టిన" అంది.

చూశాను. బాలమల్లు ముఖం, ఆయన బొటనవేలు, యాదవ్వ నవ్వు. పక్కన మోచేతి నుంచి వేళ్ల దాకా నేను, గులాబీరంగు బ్యాగుతో.

"ఏందండి, మొహం గట్ల పెట్టిన్రు? ఫుట్‌పాత్ మీద కూసునేటాయన మీద కుళ్లా?"

"కుళ్లేంది? వాడి లెక్క తప్పు. అది చెప్తున్న."

"పదేండ్ల సంది నాకు చెప్తున్నరు. ఆయనకు చెప్పరాదా?"

చెబుదామనే నిర్ణయించుకున్నాను. ప్రణవి రెండో వీడియోకు వస్తానంది. ఈసారి తీర్పు కపిల్, ఇమ్రాన్‌ల మధ్య. అందరూ చూస్తుండగా, ఫోను తిరుగుతుండగా, ఆ ఇరవై ఎనిమిది పేజీలు తాడ్‌పత్రి మీద పెట్టాలి. నేను చెప్పిన అబద్ధం గుర్తుకు రాకపోలేదు. పదకొండేళ్ల మాట, ఎన్ని వేల పుస్తకాలు చేతులు మారాయో, ఆయనకేం గుర్తుంటుంది అనుకున్నాను. శనివారం సాయంత్రమే సంచిక తీసి గుడ్డసంచిలో పెట్టుకున్నాను. పెళ్లికి పోయేవాడిలా చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

ఆ ఆదివారం మెట్ల ముందు యాభై మంది దాకా ఉన్నారు. బస్సు దిగినవాళ్లు కూడా ఏమైందోనని ఆగి చూస్తున్నారు. బాలమల్లు ఎప్పటిలాగే పేజీ తర్వాత పేజీ తీశాడు. బొంబాయిలో బోథమ్ నూటపద్నాలుగు కొట్టి పదమూడు వికెట్లు తీసిన టెస్టుతో మొదలుపెట్టి, అలాంటి పని మన కపిల్, పాకిస్తాన్ వాళ్ల ఇమ్రాన్ ఎన్నిసార్లు చేశారో చూద్దామన్నాడు. నోటుబుక్కులో గీతలు లెక్కపెట్టాడు. "కపిల్‌దేవే పైన. శానా పైన" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

నేను గొంతు సవరించుకున్నాను. "బాలమల్లూ, ఆ తీర్పు చెల్లదు. 1982-83 సీజను పుస్తకంలో నీకు ఇరవై ఎనిమిది పేజీలు లేవు. చూడు." సంచిలోంచి తీసి తాడ్‌పత్రి మీద పెట్టాను. "ఆరు టెస్టుల్లో ఇమ్రాన్ నలభై వికెట్లు తీశాడు. అవేవీ నీ లెక్కలో లేవు."

ప్రణవి ఫోను నా వైపు తిప్పింది. ఆ కాసేపు నాకు కలిగిన సంతోషం, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నా పెళ్లిలో కూడా కలగలేదు.

యాదవ్వ గైడ్ల వెనక నుంచి మెడ చాచి చూసింది. "అయ్యో, గిది మనదే గదనయ్య! ఎనక అట్టకు నేనే గోధుమపిండి ఉడికిచ్చి అతికిచ్చిన. సారుకిచ్చింది గిదే. పోయింది, పోయింది అని రెండుపార్లు జెప్పె గద సారు?"

ఫోను ఇంకా నా మీదే ఉంది. గుంపులో ఎవరో "ఓహో" అన్నారు. విజయేందర్ నన్ను చూసి, చెప్పులు చూసుకున్నాడు.

బాలమల్లు వెనక అట్టను వేలితో తడిమాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి కోసం వెతికాను, కోపం కోసం వెతికాను. దొరికితే నాకు కొంచెం సులువయ్యేది.

"ఊకోవె" అన్నాడు భార్యతో. "మల్ల దొరికినట్టున్నది. దొరికిందా సారు?"

"ఔ" అన్నాను. "దొరికింది."

"మంచిగాయె. గయితే జర సదువున్రి. నా కండ్లకు గీ సన్న అచ్చు ఆనుతలేదు."

నిలబడే చదివాను. కరాచీ టెస్టు: మొదటి పారి ఇమ్రాన్ పంతొమ్మిది పరుగులకు మూడు వికెట్లు, రెండోపారి అరవై పరుగులకు ఎనిమిది. ఫైసలాబాద్: నూటపదిహేడు కొట్టాడు, తొంభై ఎనిమిదికి ఆరు, ఎనభై రెండుకు ఐదు. బాలమల్లు నోటుబుక్కులో గీతలు పెడుతూ, మధ్యలో ఆపి, "మనోడు?" అని అడిగాడు.

"ఫైసలాబాద్‌లో కపిల్ ఏడు వికెట్లు. రెండువందల ఇరవై పరుగులిచ్చి."

"పాపం. ఆనాడు ఎంత ఉరికిండో" అన్నాడు, ఆ ఏడు వికెట్లకు గీత పెడుతూ.

అరగంట పట్టింది. ఎవరూ కదల్లేదు. చివరికి ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని, నేరుగా ఫోను వైపు చూసి చెప్పాడు. "గిన్నేండ్ల సంది నేను జెప్పింది తప్పు. ఒక్కొక్క మ్యాచ్ తీస్కుంటే ఇమ్రాన్‌ఖానే పైన. ఆయన లేని నాడు ఇద్దరు జాలరు. కపిల్‌ది ఇంకో తీరు. నూటముప్ఫై ఒక్క టెస్టులాడిండు, దెబ్బ తగిలిందని ఒక్కదానికి గూడ రాకుండ ఉండలే. మేస్త్రికి గసొంటోడు గూడ గావాలె. గాని అడిగింది ఎవరు పైన అని. పైన ఇమ్రానే."

"మల్లన్నా, గట్ల జెప్తవేందే వీడియోల!" విజయేందర్ దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు. "కట్ చెయ్యి బిడ్డా అది!"

"ఎందుకు కట్ జేసుడు? పేజీలు లేకుండె, గిప్పుడు దొరికినయ్. దొరికినంక గూడ పాతదే జెప్తె నేనేం మనిషిని?"

అప్పుడు కొట్టారు చప్పట్లు, ఇందాకటికన్నా ఎక్కువగా. తప్పు ఒప్పుకున్నవాడికి. నాకు ఇంట్లో ఉన్న నా సగటుల నోటుబుక్కు గుర్తొచ్చింది. మన్కడ్ పేరు పక్కన మైనస్ పెట్టి పద్నాలుగేళ్లయింది. ఆ పద్ధతి తప్పని ఆ మొదటి రోజే నాకు తెలుసు. ఒక్కసారి కూడా దాన్ని కొట్టెయ్యలేదు. ఆయన గుంపు మీద, వీడియో మీద నేను పడ్డ అసూయ అంతా కలిపినా, తప్పు అనే ఆ ఒక్క మాట ఆయన అంత తేలిగ్గా అనగలిగినందుకు పడ్డ అసూయకు సరిపోదు. పనిగట్టుకుని నేనొక చిల్లు చూపిస్తే, దాన్ని ఆయన తన గొప్పతనంలో కలిపేసుకున్నాడు. కావాలని కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గుంపు పలచబడ్డాక ఆయన అడిగాడు. "సారు, గీ పుస్తకం ఒక్క వారం ఈడ పెట్టి పోతరా? మిగతా మ్యాచులు బూతద్దం పెట్టుకొని మెల్లగ జూస్కుంట."

ఇచ్చెయ్యాల్సిందే. ఆయనదే కదా. చెయ్యి మాత్రం పుస్తకాన్ని పొట్టకు అదుముకుంది. పుస్తకం అక్కడుంటే ఆదివారం పొద్దున నాతో ఎవరికేం పని?

"వచ్చే ఆదివారం నేనే తెస్త" అన్నాను. "నేనే చదువుత."

"మల్ల పోతదేమో, జర పైలం సారు!" అంది యాదవ్వ. పక్క పుస్తకాలవాళ్లు కూడా పకపకా నవ్వారు. బాలమల్లు నవ్వలేదు. గైడ్లను ఒక పక్కకు జరిపి, తాడ్‌పత్రి మీద ఒక మనిషికి సరిపడా జాగా చేశాడు. "తెండ్రి. గాని నిలవడి సదివితే మెడ గుంజుతది. గీడ కూసోండ్రి" అన్నాడు.

మరుసటి ఆదివారం మూటలు విప్పకముందే చేరుకున్నాను. ఆ జాగాలో, ఆయన పక్కనే, మోకాళ్లు నొప్పిపెడుతున్నా మఠం వేసుకుని కూర్చున్నాను. జనం వచ్చారు. లాహోర్ టెస్టు తెరిచి చదవడం మొదలుపెట్టాను. నేను ఒక్కొక్క అంకె పలికినప్పుడల్లా, దాన్ని ఏం చేస్తాడోనని అందరూ ఆయన ముఖంలోకి చూశారు. నేను ఇంకొంచెం గట్టిగా చదివాను.